రెక్క మీది అక్షరం

జులై 4

కాలికి కట్టు. ఆరు వారాలు కదలకూడదట. ల్యాబ్‌లో తడి నేల మీద జారిపడ్డాను. తుడిచాక బోర్డు పెట్టమని ఆయాను రోజూ కేకలేసే నేల మీదే. చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఎక్స్‌రే డాక్టరు కంటే ముందు నేనే చూసుకున్నాను.

మా ఆయన పెరట్లో కుర్చీ వేసి, కాలు పెట్టుకోవడానికి స్టూలు వేసి, చెంబుతో నీళ్ళు పెట్టి పనికి వెళ్ళిపోయాడు. లిఫ్ట్ మెకానిక్. పైకీ కిందికీ తప్ప ఇంకో దిక్కు తెలియని మనిషని ఏడిపిస్తుంటాను.

చేయడానికి ఏమీ లేదు. అందుకే ఈ డైరీ.

జులై 5, ఉదయం 10.15

సీతాకోకచిలుకలు లెక్కపెట్టాను. పద్నాలుగు. లాంటానా పూల మీద చిన్న పసుపువి. నిమ్మ మొక్క దగ్గర పెద్ద నల్లది ఒకటి, గుడ్లు పెట్టడానికి ఆకు ఆకునీ కాళ్ళతో తట్టి చూస్తోంది. మార్కెట్లో వంకాయలు ఏరుకునేదాన్ని నేనూ అలాగే.

అన్నిటికంటే జిల్లేడు దగ్గరే ఎక్కువ. జిల్లేడు నేను నాటలేదు. పడమటి గోడ మూలన దానంతటదే మొలిచింది. పాలు కంట్లో పడితే ప్రమాదం, పీకేస్తానని ఆయన రెండుసార్లు అన్నాడు. ఆయన బద్ధకం వల్ల బతికిపోయింది.

దాని మీదకి వచ్చేవి నారింజ రంగువి. నల్ల అంచు, అంచులో తెల్ల చుక్కలు. పిట్టలు వీటి జోలికి పోవు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకు చేదు ఒంట్లోనే ఉండిపోతుందట. అందుకే కాబోలు, ఎవరికీ భయపడకుండా తాపీగా ఎగురుతాయి.

జులై 8

రోజూ వచ్చేవి అవేనా, వేరేవా? ఈ ప్రశ్న బుర్ర తినేస్తోంది.

హ్యాండ్‌బ్యాగ్‌లో ల్యాబ్ మార్కర్ ఉంది. ఇరవై రెండేళ్ళు బ్లడ్ ట్యూబుల మీద పేర్లు రాశాను. నా అక్షరం నువ్వుగింజంత. దోమతెర ముక్కతో పట్టుకుని, రెక్కలు మూసినప్పుడు రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని, కింది రెక్క మీద అంకె వేశాను. 1 నుంచి 9 దాకా. ఒక్కదానికీ ఏమీ కాలేదు. విదిలించుకుని వెళ్ళిపోయాయి.

సాయంత్రం ఆయన చూసి, వీటికి యాన్యువల్ మెయింటెనెన్స్ కూడా పెట్టెయ్ అన్నాడు.

జులై 11

3, 4, 7, 9 మళ్ళీ వచ్చాయి. అంటే అవే! చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. కొత్తవాటికి 10 నుంచి 16 వేశాను. అన్నీ పడమటి గోడ మీంచే వస్తున్నాయి, మధ్యాహ్నానికి అటే పోతున్నాయి.

జులై 14

7కి రెండో రెక్క మీద నల్ల చుక్క. నేను పెట్టలేదు.

జులై 17, ఉదయం 11.00

12 వచ్చింది. ఎడమ రెక్క మీద నేను వేసిన 12. కుడి రెక్క మీద ఒక అక్షరం.

న్నా.

మచ్చ కాదు. దీర్ఘం కూడా సరిగ్గా ఉంది. పట్టుకుని కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఇంకెవరో కూడా వీటిని పట్టుకుంటున్నారన్నమాట. నాలాగే కాలు విరిగి కూర్చున్నవాళ్ళు. మొదట నవ్వొచ్చింది. తర్వాత గోడ వైపు చూశాను. నా పెరట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాననుకుంటే, గోడ అవతలి నుంచి ఎవరో పలికినట్టు.

ఆయనకి చెబితే, అన్నా అని పిలవబోయి అ మర్చిపోయుంటారు అన్నాడు.

జులై 18

పడమటి వైపు మూడో వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకునే అక్క బట్టలు ఇవ్వడానికి వచ్చింది. ఈ చుట్టుపక్కల సీతాకోకచిలుకల్ని పట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. నన్నోసారి, నా కాలునోసారి చూసి, నీ అంత తీరికున్నవాళ్ళు ఎవరున్నారమ్మా అంది.

జులై 21

4 మీద: పై.

లెక్కల్లో పై అయ్యుంటుంది, ఎవరో లెక్కల మాస్టారు రిటైరయ్యాడు అన్నాడు ఆయన.

జులై 22

16 మీద: ఉ.

జులై 23

అంకె లేనిది ఒకటి. దాన్ని నేనెప్పుడూ పట్టుకోలేదు. దాని మీద: న.

కాగితం మీద నాలుగూ రాసుకుని గంటసేపు అటూ ఇటూ మార్చాను. ఎలా పెట్టినా నోరు తిరగలేదు. చివరికి ఒక్కటే కుదిరింది.

పైన ఉన్నా.

కుర్చీలోంచి తల ఎత్తి చూశాను. ఏం చూస్తాను? ఆకాశం. వెర్రిదాన్ని.

జులై 24

పైన ఎవరు? ఎక్కడ పైన?

ఆయన ఇవాళ జోకు వేయలేదు. ఎవరో కుర్రకారు ఆకతాయి పని, మార్కర్ దాచెయ్, ఇంక పట్టుకోకు అన్నాడు.

దాచలేదు.

జులై 26, ఉదయం 9.40

ఆదివారం. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరం పెరట్లో టీ తాగుతున్నాం. ఒకటి వచ్చి నా స్టూలు మీద వాలి, రెక్కలు పూర్తిగా పరిచింది. పట్టుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

ఫ్ట్.

ఈ అక్షరం వచ్చే తెలుగు మాట ఏముంటుందండీ అని అడిగాను. నాకు నిజంగానే తట్టలేదు. తిరిగి చూశాను. ఆయన కప్పు కింద పెట్టేశాడు. సగం టీ అలాగే ఉంది. పని గుర్తొచ్చిందని చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆదివారం పూట.

మధ్యాహ్నం అన్నం వడ్డించుకుంటుంటే తట్టింది. లిఫ్ట్.

జులై 27

లి వచ్చింది. ఆయనకి చూపించలేదు. చూపించక్కర్లేదు.

జులై 29

చెప్పాడు. నేను అడగలేదు. పనినుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, గుమ్మంలో కూర్చుని చెప్పాడు.

జనవరిలో చేసిన పని. మనకి పడమరన మూడు వీధుల అవతల తెల్ల ఇల్లు, మూడంతస్తులు. ఫర్నిచర్ షాపాయనది. ఇంట్లోనే చిన్న లిఫ్ట్ ఉంది. వాడటం లేదు, పై అంతస్తులో ఆపేసి కనెక్షన్ తీసెయ్యమన్నాడట. కింద బటన్ ఉన్నచోట స్టీలు రేకు బిగించమన్నాడట. లిఫ్ట్ మూసేసేవాళ్ళు ఎవరైనా కిందే ఆపుతారు. పైన ఎందుకని ఈయనకి అనుమానం వచ్చిందట. అడగలేదట.

వైర్ తీయబోతుంటే ప్యానెల్‌లో మూడో అంతస్తు లైటు వెలిగిందట. అంటే పైన ఎవరో బటన్ నొక్కారు. ఆరిపోయి మళ్ళీ వెలిగిందట. మూడుసార్లు. పక్కనే నిలబడ్డ షాపాయన, షార్ట్ సర్క్యూట్ అయ్యుంటుందిలే అన్నాడట. సోఫాలు అమ్మేవాడు మెకానిక్‌కి షార్ట్ సర్క్యూట్ గురించి చెప్పడం! ఈయన అవునన్నాడట. వైర్ తీసేశాడట.

ఎందుకు అవునన్నారని అడిగాను.

భోజనం టైమైంది, ఆకలేస్తోంది అన్నాడు.

అంతకంటే కారణం లేదట.

జులై 30

ఇస్త్రీ అక్క బండి ఆ తెల్ల ఇంటి ఎదురుగానే. ఊరికే అడిగినట్టు అడిగాను. ఆ ఇంట్లో చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ ఉండేదట. షాపాయనకి పిన్ని. పూర్వం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసిందట. రోజూ సాయంత్రం లిఫ్ట్‌లో దిగి గేటు దగ్గర కూర్చుని, ఇస్త్రీ అక్కతో కబుర్లు చెప్పేదట. ఇల్లు ఆవిడ పేరు మీదే ఉందట. చలికాలంలో హఠాత్తుగా కనిపించడం మానేసింది. చెల్లెలి ఊరికి వెళ్ళిపోయిందని షాపాయన భార్య చెప్పిందట. ఆవిడ బట్టలు ఇస్త్రీకి రావడం కూడా అప్పుడే ఆగిపోయిందట.

నాకు చెప్పకుండా వెళ్ళే మనిషి కాదమ్మా, అంది అక్క. అని, నా పైజమాలు మడతపెట్టుకుని వెళ్ళిపోయింది.

జులై 31

ఆయన అంటున్నాడు: ఒకవేళ నిజంగానే ఊరెళ్ళిపోయి ఉంటే? వర్క్ షీట్ మీద సంతకం నాది. కంపెనీ అడుగుతుంది. సీతాకోకచిలుకలు చెప్పాయని పోలీసులతో ఏమని చెప్పను? ఆలోచిద్దాం అన్నాడు.

రేపు చూద్దామన్నాను.

ఆగస్టు 1

రేపు.

ఆగస్టు 2

కాలు నొప్పిగా ఉందన్నాను. నొప్పి లేదు.

ఆగస్టు 3, ఉదయం 8.30

నీ.

ఉదయం 8.50

ళ్ళు.

ఉదయం 9.10

మళ్ళీ నీ. ఆ వెంటనే మళ్ళీ ళ్ళు. నాలుగూ నా చేతి మీద, ఒళ్ళో, చెంబు అంచు మీద. చెంబులో నీళ్ళు చూసి చంకకర్ర అందుకున్నాను. వెళ్తున్నాను.

ఆగస్టు 4

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

ఆయనకి ఫోన్ చేసి ఒకే ముక్క చెప్పాను, నేను ఆ ఇంటికి వెళ్తున్నాను, వస్తే రండి లేకపోతే లేదు. ల్యాబ్ కోటు వేసుకుని, ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని, శాంపిల్ బ్యాగు తీసుకుని, చంకకర్రతో ఆటో ఎక్కాను.

షాపాయన భార్య తలుపు తీసింది. పెద్దావిడకి బ్లడ్ టెస్ట్ ఆర్డరుంది, ఇంటికొచ్చి తీసుకోమన్నారని చెప్పాను. అబద్ధం చాలా సాఫీగా వచ్చింది. ఆవిడ ఇక్కడ లేరండీ, ఊరెళ్ళారు అంది. మొహంలో ఏ మార్పూ లేదు. నేను పొరబడ్డానేమో అనిపించేంత నెమ్మదిగా మాట్లాడింది. మంచినీళ్ళు తాగుతారా అని కూడా అడిగింది.

ఆ మాటతో నాకు మెట్ల మీద కూలబడాలనిపించింది. కూలబడ్డాను. కాలు నొప్పి, కాసేపు కదల్లేను అన్నాను. ఈసారి నిజంగానే నొప్పి. ఎదురుగా ఇస్త్రీ అక్క పెట్టె పక్కన పెట్టేసి, చూస్తూ నిలబడిపోయింది. షాపాయన భార్య ఏమండీ లేవండి, లేవండి అంటోంది. గొంతు కొంచెం కొంచెంగా పెరుగుతోంది.

ఎంతసేపో తెలియదు. మా ఆయన స్కూటరు ఆగింది. టూల్‌బ్యాగుతో దిగాడు. నా వైపు చూడలేదు, ఆవిడ వైపు చూడలేదు. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడ ఎవరు నువ్వు, ఎవరు పిలిచారు అని అరుస్తూ వెనకే పరిగెత్తింది. నేను కర్ర పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను.

రేకు నాలుగు స్క్రూలు. ఒక్కొక్కటే తీశాడు. ప్యానెల్ తెరిచి వైర్ పట్టాడు. ఆవిడ భర్తకి ఫోన్ చేస్తోంది. వైర్ తగిలించి, బటన్ నొక్కాడు.

పైనుంచి చప్పుడు మొదలైంది. ఏడు నెలలు ఆగిన లిఫ్ట్ మూలుగుతూ దిగుతోంది. మూడు. రెండు. ఒకటి. ఆవిడ ఫోన్‌లో మాట్లాడటం ఆపేసింది. తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. నేల మీద మాత్రం దుమ్ములో చక్రాల గీతలు. లోపలికీ బయటికీ, లోపలికీ బయటికీ. ఎన్నిసార్లు ఎక్కి కూర్చుందో పెద్దావిడ, కదులుతుందేమోనని.

ఆయన ఎక్కి తలుపు వేసుకున్నాడు.

తిరిగి దిగినప్పుడు పెద్దావిడ కూడా ఉంది. కుర్చీలో. నేను చూసిన మొదటి విషయం పెదవులు. పగిలి, తెల్లగా. ఆయన తన బాటిల్ మూతతో కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తున్నాడు. రెండు రోజుల నుంచి ఎవరూ పైకి రాలేదట. ఇస్త్రీ అక్క గేటు దాటి వచ్చి ఆవిడ మొహం చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ తర్వాత వీధంతా వచ్చింది. తర్వాత అంబులెన్స్, తర్వాత పోలీసులు.

సంతకం గురించి, వర్క్ షీట్ గురించి ఎస్సైకి ఆయనే ముందుగా చెప్పాడు. ఎవరూ అడగకుండానే.

ఆగస్టు 9

పెద్దావిడ హాస్పిటల్లో కోలుకుంటోంది. షాపాయన మీద, భార్య మీద కేసు. పెద్దావిడ చెల్లెలు ఊరినుంచి వచ్చింది. కంపెనీ మా ఆయన్ని పక్కన పెట్టింది. ఎంక్వయిరీ అయ్యేదాకా ఇంట్లోనే.

ఆగస్టు 13

ఇవాళ వెళ్ళి చూశాను. మంచం పక్కన కూర్చుని, మీరు రాసినవన్నీ నాకు చేరాయి అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. సీతాకోకచిలుకల రెక్కల మీద రాసి పంపారు కదా అన్నాను. ఆవిడ దుప్పటి మీద ఉన్న తన చేతుల వైపు చూసుకుంది. నేనూ చూశాను. అప్పటిదాకా ఎలా చూడలేదో! ఇరవై రెండేళ్ళుగా చేతులు చూసే పని నాది. రెండూ మడతపడి, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. కేస్ షీట్ తీసి చదివాను. ఫిబ్రవరిలో రెండోసారి స్ట్రోక్. అప్పటినుంచి మణికట్లతో కుర్చీ చక్రాలు నెట్టుకోవడమే తప్ప, చెంచా కూడా పట్టలేదు.

కిటికీ సంగతి చెల్లెలు చెప్పింది. మేకులు కొట్టేశారట. తెరుచుకోదు. బయట సన్‌షేడ్ మీద చేరిన మట్టిలో ఒక జిల్లేడు మొలిచిందట. దాని మీద వాలేవాటిని అద్దంలోంచి చూస్తూ కూర్చునేదట.

మరి ఎవరు రాశారని అడిగాను.

పెద్దావిడ నిదానంగా మాట్లాడుతుంది, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుని. నేను రాయలేదమ్మా, అంది. అనుకున్నాను, అంతే.

ఆగస్టు 15

పెరట్లో 16 చచ్చిపడి ఉంది. ఉ ఉన్నది. ల్యాబ్ నుంచి తెప్పించుకున్న లెన్స్ కింద పెట్టాను.

రెక్క అంటే పెంకులు పేర్చినట్టు సన్నటి పొలుసులు. నేను వేసిన 16 సిరా వాటి మీద ముద్దగా కూర్చుని ఉంది, పొలుసుల సందుల్లోకి కారింది. ఉ దగ్గర సిరా లేదు. ఆ పొలుసులే నల్లవి. అక్షరం ఆకారంలో, ఒక్కోటీ వేరు నుంచి నల్లగా పుట్టినట్టు.

స్పిరిట్‌తో తుడిచాను. 16 పోయింది. ఉ అలాగే ఉంది.

ఆగస్టు 16

ఆయనకి చూపించాను. చాలాసేపు లెన్స్‌లోంచి చూసి, జిల్లేడు పీకేద్దామా అని అడిగాడు. ఈసారి బద్ధకం లేదు గొంతులో. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో తెలియదు.

ఆగస్టు 20

ఆయన ఇప్పుడు రోజంతా ఇంట్లోనే. నా కుర్చీ ఎండలోంచి నీడలోకి జరుపుతాడు. కట్టు తీసేశాక కాలికి నూనె రాస్తాడు. రోజు విడిచి రోజు హాస్పిటల్‌కి వెళ్ళి పెద్దావిడ కుర్చీ తోసుకుంటూ వరండాలో తిప్పుతాడట. ఆవిడకి తానే ఆ మెకానిక్‌నని చెప్పుకున్నాడట. ఆవిడ ఏమందని అడిగితే, తల ఊపింది అన్నాడు. మంచివాడు. నాకు తెలుసు. అందరూ అదే అంటున్నారు, ఇస్త్రీ అక్కతో సహా.

కానీ ఆయన ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటుంటే, ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే, నాకు లోపల ఒక మాట వస్తోంది. ప్రతి పూటా వస్తోంది. మూడు రోజులు నేను కూడా రేపు అన్నాను, ఆ మాట ఆయన్ని అనే హక్కు నాకు లేదు. పైకి అనలేదు. ఎప్పటికీ అనను. ఇక్కడ కూడా రాయను.

ఆగస్టు 22

వాన. ఒక్కటీ రాలేదు.

ఆగస్టు 23

వాన వెలిసింది. జిల్లేడు ఆకు కింద గూడు ఒకటి వేలాడుతోంది. లేతాకుపచ్చ, మీద బంగారు చుక్కలు. మధ్యాహ్నానికి రంగు తిరిగి, లోపలి రెక్కలు పల్చగా కనిపిస్తున్నాయి. నారింజ. నలుపు ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉంది.

ఆగస్టు 24, ఉదయం 7.20

గూడు పగిలింది. ఆయన మొక్కల దగ్గరే ఉన్నాడు. అది తడి రెక్కలు ఆరబెట్టుకుని, మొదటిసారి ఎగిరి, ఆయన చేతి మీద వాలింది. ఈసారి ఒక్క అక్షరం కాదు. రెక్క నిండా.

ఆయన చదివాడు. ఏం రాసుందని అడిగాను.

ఏమీ లేదన్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే, ఆకలి లేదన్నాడు.